మగ్గం కంటే ముందు మంద

కోస్గి చుట్టుపక్కల రెండు రకాల మగ్గాలు ఆడేవి. ఒకదాని మీద పట్టు చీరలు, నూలు చీరలు దిగేవి. నారాయణపేట, కోటకొండ, కోస్గి వైపు అవి ఇప్పటికీ దిగుతున్నాయి. ఆ చీరకు దేశమంతా పేరుంది, భౌగోళిక గుర్తింపు ఉంది, సహకార సంఘాలున్నాయి, 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జరుపుకునే చేనేత దినోత్సవంలో వాటా ఉంది. రెండో మగ్గం మీద గొంగడి దిగేది. గొర్రెల కాపరులైన కురువల ఇళ్ల దగ్గర సాగిన ఈ నేత గురించి రాసినవాళ్లు తక్కువ, రాసినవాళ్లు కూడా దాదాపు ఒకే కథ చెప్పి ముగిస్తారు: మిల్లు దుప్పటి చవగ్గా వచ్చింది, చేతినేత దాని ముందు నిలవలేకపోయింది, ముసలివాళ్లతో పాటే విద్య కూడా పోతోంది. నూలు చేనేత చరిత్ర కోసం తయారైన ఈ కథను తెచ్చి గొంగడికి తొడగడం పొరపాటని నా అభిప్రాయం. గొంగడి ఓడిపోయింది మగ్గం మీద కాదు, అంతకంటే ముందు, మందలో. నల్ల గొర్రె స్థానంలోకి ఎర్ర గొర్రె వచ్చిన రోజునే దాని భవిష్యత్తు తేలిపోయింది. మిల్లు దుప్పటి ఆ పనిని తొందర చేసింది, అంతే.

ముందు ఊరి సంగతి. ఇవాళ కోస్గి నారాయణపేట జిల్లాలో ఉంది, ఆ జిల్లా పుట్టింది 2019 ఫిబ్రవరిలో. అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లా. 1956కి ముందు కోస్గి ఉన్న కొడంగల్ ప్రాంతమంతా గుల్బర్గా జిల్లాలో భాగం. నిజాం రాజ్యంలో కోస్గి సాలార్‌జంగ్ వంశపు జాగీరు. భాషల లెక్కన రాష్ట్రాలు విడిపోయినప్పుడు కొడంగల్, తాండూరు తెలుగు వైపు వచ్చాయి, మిగిలిన గుల్బర్గా కన్నడ వైపు పోయింది. కానీ గొర్రెల మందకు ఆ గీత పట్టలేదు. భీమా, కృష్ణా నదుల దగ్గరి ఈ మెట్ట నేల మీద మేసింది ఒకే జాతి, దక్కని నల్ల గొర్రె. దాని ఉన్నితో తెలుగు కురువలు, కురుమలు గొంగడి నేశారు, కన్నడ కురుబలు కంబళి నేశారు, మరాఠీ ధనగర్లు ఘోంగడి వాడారు. పేర్లు వేరైనా గొర్రె ఒకటే, నేత పద్ధతీ దాదాపు ఒకటే. 1800-01లో మైసూరు సీమ అంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ కురుబల కంబళ్ల నేత గురించి రాసిపెట్టుకున్నాడు. 1920లో నిజాం రాజ్యపు కులాల మీద వెలువడిన సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ గ్రంథంలో కూడా కురుమలు గొర్రెల కాపరులుగా, ఉన్ని నేసేవాళ్లుగా కనిపిస్తారు. ఆ కాలపు కుల వర్ణనల్లో నన్ను ఆపిన వివరం ఒకటుంది. ఈ కులంలోని శాఖలకు పెళ్లిలో కట్టుకునే కంకణాన్ని బట్టే పేర్లు: ఉన్ని కంకణం వాళ్లు, పత్తి కంకణం వాళ్లు. వీళ్ల కులదైవం బీరప్ప కొలువులోనూ, మల్లన్న పటం దగ్గరా గొంగడికి స్థానముంది. అంటే ఉన్ని వీళ్లకు సరుకు కావడానికి ముందే చుట్టరికం.

ఇక నేత. గొర్రెకు ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. కత్తిరించే ముందు మందను చెరువులోనో వాగులోనో తోమి కడుగుతారు. ఒక్క గొర్రె ఏడాది మొత్తం ఇచ్చే ఉన్ని కిలోకు లోపే. అందుకే ఒక పెద్ద గొంగడికి సుమారు పది, పన్నెండు గొర్రెల ఉన్ని కలవాలి. ఆ ఉన్నిని విడదీసి, చెత్త ఏరి, ఏకి, రాట్నం మీద వడుకుతారు. వడికేది ఆడవాళ్లు. ఎక్కువ రోజులు పట్టే పని కూడా ఇదే, మగ్గం మీద గడిచే రోజులు దాని ముందు తక్కువ. పడుగు పరిచాక చింతగింజల గంజి పెడతారు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, దంచి, ఉడికించిన ఆ గంజిని పెద్ద కుచ్చెతో పడుగు పొడవునా రుద్ది ఎండలో ఆరనిస్తారు. గరుకైన, తెగిపోయే గుణమున్న పోగుకు మగ్గం దెబ్బ తట్టుకునే బలం దీనివల్లే వస్తుంది. గొంగడికి ఆ బిరుసు కూడా దీనివల్లే. రంగు వేసే పని లేదు, గొర్రె నలుపే గొంగడి నలుపు. అంచు గీతల్లో తెలుపు కావాలంటే తెల్ల గొర్రెను వెతుక్కోవాలి. ఉన్నిలోని జిడ్డు, గంజి బిరుసు, దట్టమైన నేత కలిసి వాన నీటిని చప్పున లోపలికి రానివ్వవు. మూల మడిచి తలమీద కొప్పెర వేసుకుంటే కాపరికి వానలో అదే గొడుగు, రాత్రి మంద దగ్గర అదే పరుపు, చలిలో అదే దుప్పటి. ఈనిన గొర్రె పిల్లను చుట్టి తెచ్చుకునే మూట కూడా అదే.

ఈ వరుసలో బజారు నుంచి కొనాల్సింది ఏముందో చూడండి. చింతగింజలు ఊళ్లోవే. మగ్గం కట్టెలు ఊరి వడ్రంగి చేతివి. ఉన్ని సొంత మందదో, చుట్టాల మందదో. చీర నేసే మగ్గం దీనికి పూర్తి విరుద్ధం. నారాయణపేట చీరకు పట్టు బయటి నుంచి వస్తుంది, నూలు మిల్లు నుంచి వస్తుంది, పెట్టుబడి షావుకారు దగ్గరి నుంచో సంఘం నుంచో వస్తుంది. అలా బయటి మీద ఆధారపడటమే చీరను కాపాడిందని నేనంటే వింతగా ఉంటుంది గానీ జరిగింది అదే. పోగు దొరక్కపోతే అది ప్రభుత్వ సమస్య అయ్యేది: నూలు సబ్సిడీ, సొసైటీ, రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో, అన్నీ పోగు అందించడం చుట్టూ ఏర్పడ్డవే. గొంగడి పోగు ఎవరి పద్దులోనూ లేదు. చేనేత శాఖ సంఘాలను నూలు, పట్టు, ఉన్ని అని మూడుగా విడగొట్టి లెక్కపెడుతుంది, నిజమే. కానీ ఆ ఉన్ని ఎక్కడి నుంచి రావాలో చూసుకోవడం దాని పని కాదు. గొర్రె పశుసంవర్ధక శాఖది. ఆ శాఖ గొర్రెను మాంసంతో కొలుస్తుంది. గొంగడి సగం ఒక శాఖలో, సగం ఇంకో శాఖలో ఉండి, రెండింటికీ పట్టకుండా పోయింది.

మందకీ మగ్గానికీ ఉన్న ఈ ముడిని మనకంటే బాగా గుర్తించినవాళ్లున్నారు. కాశ్మీరు శాలువాల సంగతే తీసుకుందాం. ఆ శాలువా పేరు చెప్పగానే శ్రీనగర్ నేతగాళ్ల పనితనం మాట్లాడతాం. పాలకులు మాత్రం మేక గురించి మాట్లాడారు. 1684 నాటి తింగ్మోస్‌గాంగ్ ఒప్పందంలో లడఖ్, పశ్చిమ టిబెట్ల మేక ఉన్ని కాశ్మీరుకే చెందాలన్న ఏర్పాటు ఉంది. 1846లో అమృత్‌సర్ ఒప్పందం కింద కాశ్మీరును గులాబ్‌సింగ్‌కు అప్పగించినప్పుడు ఇంగ్లీషు వాళ్లు ఏటా కోరిన కప్పంలో ఒక గుర్రం, మూడు జతల శాలువాలతో పాటు మేలు జాతి శాలువా మేకలు పన్నెండు ఉన్నాయి, ఆరు పోతులు, ఆరు పెంటులు. శాలువాలు చాలవా, మేకలెందుకు? మగ్గాన్ని ఎక్కడైనా కట్టుకోవచ్చు, పాశ్చాత్య దేశాల్లో కట్టుకున్నారు కూడా. స్కాట్లండులోని పేస్లీ పట్టణం ఆ నమూనాలను కాపీ కొట్టే బతికింది. ఎక్కడంటే అక్కడ దొరకనిది ఆ జంతువూ, అది మేసే చలి నేలా. గొంగడికీ కాశ్మీరు శాలువాకీ ధరలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ రెండింటి మొదలూ ఒక చోటే.

ఇప్పుడు మిల్లు దుప్పటి వాదనకు వద్దాం. పానిపట్టులో పాత ఉన్ని బట్టలు చింపి, మళ్లీ పోగు చేసి నేసే దుప్పట్లు గొంగడి ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి. వాటి తర్వాత పాలియెస్టర్ రగ్గులు వచ్చాయి, వానకు ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. వీటి దెబ్బ లేదని ఎవరూ అనలేరు. పైగా గొంగడి మెత్తని బట్ట కాదు. దక్కని ఉన్ని పోగు మెరినో పోగు కంటే రెండింతలకు పైగా మందం. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని తెలుగువాళ్లు ఊరికే అనలేదు. అయితే మిల్లు పోటీయే అసలు కారణమైతే దానికి విరుగుడు 1985లోనే దొరికి ఉండాలి. ఆ ఏడాది పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని బట్టలను మరమగ్గాలు నేయకూడదని కట్టడి చేసింది. ఆ జాబితాలో చీర, ధోవతి, తువ్వాలు, లుంగీతో పాటు శాలువా ఉంది, కంబళి కూడా ఉంది. తర్వాత జాబితాను 22 రకాల నుంచి 11కు కుదించినప్పుడు కూడా కంబళి పోలేదు. చట్టం సరిగా అమలు కాలేదని, దొంగచాటు నేత ఆగలేదని అంటారు. నిజమే, కానీ ఆ బలహీనత చీరకూ ఉంది. అయినా చీర మగ్గం కుంటుతూ నడిచింది, గొంగడి మగ్గం పడిపోయింది. ఒకే చట్టం, ఒకే ప్రాంతం, ఫలితాలు రెండు. తేడా పోగు దగ్గరే ఉంది. చట్టం బట్టను రిజర్వు చేయగలిగింది, గొర్రెను చేయలేకపోయింది.

గొర్రెలే తగ్గిపోయాయేమో, పశుపోషణే అంతరిస్తోందేమో అని ఇంకొకరు అడగొచ్చు. అంకెలు దీనికి పూర్తిగా అడ్డం తిరుగుతాయి. 2012 పశుగణనలో తెలంగాణ జిల్లాల్లో గొర్రెలు సుమారు 1.28 కోట్లు. 2019 నాటికి 1.90 కోట్లు దాటాయి, అంటే ఏడేళ్లలో దాదాపు 48 శాతం ఎక్కువ. దేశంలోని 7.42 కోట్ల గొర్రెల్లో నాలుగో వంతు ఒక్క తెలంగాణలోనే తేలి, రాష్ట్రం మొదటి స్థానానికి వచ్చింది. ఇన్ని గొర్రెలున్న నేల మీద గొంగడికి ఉన్ని లేదు! ఎందుకంటే వీటిలో ఎక్కువ భాగానికి కత్తిరించే బొచ్చే లేదు. ఎర్ర గొర్రె అని నేనంటున్న నెల్లూరు రకానికి మేక లాంటి పొట్టి వెంట్రుక ఉంటుంది. ఒడ్డూ పొడుగూ ఎక్కువ, త్వరగా బరువెక్కుతుంది, హైదరాబాదు మటన్ బజారులో మంచి ధర పలుకుతుంది. నల్ల మందలోకి ఆ పొట్టేళ్లను వదలడం కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. 2017 జూన్‌లో మొదలైన రాష్ట్ర పథకం దానికి సర్కారు ముద్ర వేసింది. గొల్ల కురుమ సంఘాల సభ్యులకు 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. జీవాలను పక్క రాష్ట్రాల నుంచి కొని తేవాలన్న నియమం ఉండేది. అలా వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఆంధ్ర వైపు నుంచి వచ్చిన వెంట్రుక జాతులే. పథకం మంచి చెడ్డల మీద చాలా చర్చ జరిగింది. అవినీతి మీద జరిగింది, చనిపోయిన జీవాల మీద జరిగింది. ఉన్ని మీద మాత్రం దాదాపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ వచ్చే ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎర్ర గొర్రెను కోరుకున్నది కాపరే కదా? ఎవరూ బలవంతం చేయలేదు. ఉన్ని ఎప్పుడూ అతని ప్రధాన ఆదాయం కాదు. పిల్లల అమ్మకం, మాంసం, రైతు పొలంలో మంద పెట్టినందుకు దొరికే గింజలు లేదా డబ్బు, వీటి తర్వాతే ఉన్ని. కత్తిరింపు కూలికి ఇచ్చేది ఉన్ని అమ్మితే వచ్చేదాన్ని మించిపోయినప్పుడు బొచ్చు గొర్రె బరువే అవుతుంది. కత్తిరించిన ఉన్నిని పారబోసిన కాపరులున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ లెక్కలో అతను తప్పు చేయలేదు. కాకపోతే ఆ లెక్క అతనొక్కడే వేసింది కాదు. మాంసానికి బజారు ఉంది, రుణం ఉంది, సబ్సిడీ ఉంది, శాఖ ఉంది. ఉన్నికి ఇవేవీ లేవు. త్రాసులో ఒక పళ్లెంలోనే బరువులన్నీ వేసి, అది కిందికి దిగిందని కాపరి ఇష్టం అనడం న్యాయం కాదు. ఇంకో సంగతి, నల్ల గొర్రె విలువ ఉన్నితోనే ముగియదు. కరువు ఏడాది ఎండు గడ్డి మీద నెట్టుకు రాగలదు, నల్లమల దాకా నడిచే వలసను తట్టుకోగలదు. జాతిని నిలబెట్టాలని పనిచేసిన పశువైద్యుల సంస్థ ‘అంత్ర’, దక్కని గొర్రెల, మేకల పెంపకందారుల సంఘం ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నాయి. మాంసం తూకం వేసే కాటాకు ఈ గుణాలు అందవు.

దీనికంటే బరువైన అభ్యంతరం సామాజికమైనది, నాకు ఎక్కువ గౌరవం ఉన్నది కూడా దానిమీదే. గొంగడి మీద ఈ బెంగ ఎవరిది? గొర్రెల వెంట ఎండకూ వానకూ తిరిగి, బడి ముఖం చూడని పిల్లలకు ఆ వృత్తి పోవడం నష్టమా, విడుదలా? కూలి లెక్కలోకి రాకుండా ఆడవాళ్లు నెలల తరబడి వడికిన పోగు మీద నిలబడిన నేతను సంప్రదాయమని మురిసిపోదామా? ఈ ప్రశ్న అడిగే హక్కు ఉన్నవాళ్లు అడిగారు. కురుమ ఇంట పుట్టిన కంచ ఐలయ్య ‘నేను హిందువునెట్లయిత’లో కాపరి కులాల శ్రమనూ, వాళ్ల జ్ఞానాన్నీ చరిత్ర ముందు పెట్టిన తీరు తెలిసిందే. ఆయన రాతల నుంచి నేను తీసుకునేది వేరే చోటికి దారి తీస్తుంది. ఉత్పత్తి కులాల పనిలో జ్ఞానం ఉందని ఒప్పుకుంటే, ఆ పనికి కూలి ఎందుకు రాలేదన్నది మొదటి ప్రశ్న అవుతుంది, ఆ పని పోవాలా వద్దా అన్నది కాదు. గొంగడి ధర కట్టేటప్పుడు రాట్నం తిప్పిన రోజులను లెక్కలో వేయకపోవడం వల్లే అది చవక వస్తువుగా మిగిలింది. వేస్తే అది బీదవాళ్లు కొనగలిగే దుప్పటి కాదు. ఈ చిక్కుకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిల్లలు బడికి పోవడం, ఆడవాళ్ల పనికి కూలి దొరకడం, ఈ రెండూ గొంగడి కంటే ముందు. కానీ ఆ రెండింటి కోసమే గొంగడి పోయిందని చెబితే మాత్రం కుదరదు. అది పోయింది మటన్ కోసం.

కోరుకునేవాళ్లు లేరన్న మాట కూడా సగమే నిజం. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంగడి వేసుకుని పాట ఎత్తుకున్నప్పటి నుంచీ తెలంగాణ సభల్లో అది ఒక జెండా. ఏ నాయకుడు వచ్చినా గొల్ల కురుమలు భుజాన గొంగడి కప్పి, చేతికి కర్ర ఇచ్చి, గొర్రె పిల్లను అందిస్తారు. పేపర్లో ఆ ఫొటో పడని ఎన్నికలు లేవు. శాలువాల సన్మానాల మధ్య ఈ ఒక్క సన్మానానికి మట్టి వాసన ఉందని మనం సంబరపడతాం. ఇంకోవైపు దక్కని ఉన్ని గుడ్డతో చెప్పులు, బూట్లు తయారుచేసిన ‘ఎర్తెన్ ట్యూన్స్’ లాంటి చిన్న సంస్థలు పట్టణాల్లో కొత్త గిరాకీ వెతికాయి. నీళ్లు తట్టుకునే, గాలి ఆడే గుణాన్ని పాదం దగ్గరికి తెచ్చిన ఆలోచన మెచ్చుకోదగ్గదే. అయితే ఇలాంటి ప్రయత్నాలన్నీ గొలుసు చివర నుంచి మొదలవుతాయి. కొనేవాణ్ని తెస్తే నేసేవాడు బతుకుతాడు, నేసేవాడు బతికితే ఉన్ని దానంతట అదే వస్తుందని నమ్మకం. నూలుకు అది చెల్లుతుంది, ఎందుకంటే గిరాకీ పెరిగితే మిల్లు ఇంకో పాళీ నడుపుతుంది. మంద అలా నడవదు. జాతి మారిపోయిన మందలో మళ్లీ నల్ల బొచ్చు కనిపించాలంటే ఎన్నో ఈతలు గడవాలి.

రాబోయే మార్పు కూడా కోస్గి నుంచే మొదలైంది. 2024 ఫిబ్రవరి 21న నారాయణపేట - కొడంగల్ ఎత్తిపోతల పథకానికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేసింది ఇక్కడే. దాదాపు లక్ష ఎకరాలకు నీళ్లివ్వాలన్నది దాని లక్ష్యం. వలస కూలీలకు పేరుమోసిన పాలమూరు మెట్టకు నీళ్లు వద్దనే మనిషి ఉండడు, ఉండకూడదు. నీళ్లొస్తే మాత్రం బీళ్లు, ఒక పంట తీశాక ఖాళీగా వదిలే చేలు తగ్గుతాయి. మంద మేసేది వాటి మీదే. తడి నేలలో కట్టేసి మేపే గొర్రె ఒకటి, నడిచి మేసే గొర్రె ఒకటి. వీటిలో దేనికి చోటుండాలో కాలువ తవ్వకముందే ఆలోచించాలి, తర్వాత కాదు. మేతకు ఉమ్మడి నేల ఏది మిగులుతుందో పథకం పటం మీదే గీయవచ్చు. అదేమంత ఖర్చయ్యే పని కాదు. జాతి విషయంలోనూ ఖర్చు తక్కువే. ఇరవై గొర్రెలకు ఒక పొట్టేలన్నది ప్రభుత్వం వేసిన లెక్కే. ఆ ఒక్క పొట్టేలు దక్కనిదైతే మందలో పుట్టే ప్రతి పిల్లలో సగం రక్తం దానిదే. వరసగా కొన్ని ఈతలపాటు అదే జాతి పొట్టేళ్లను వాడితే మంద రంగు మారుతుంది. సబ్సిడీ కాగితంలో పొట్టేలు జాతి రాసే గడి ఒకటి పెట్టి, నల్ల పొట్టేలును ఎంచుకున్న కాపరికి కత్తిరింపు కూలి కలిపి ఇస్తే సరిపోతుంది. ఉన్ని నేత సంఘాలకు నమూనాల పోటీలు, స్టాళ్లు పెట్టడం ఆ తర్వాతి మాట.